టెక్ సందేహాలు: పాత గేమ్‌కి మీ మెసేజ్‌లతో పనేంటి?

హైదరాబాద్ నుంచి ఒక రిటైర్డ్ ఇంజినీరు గారు రాశారు: "1982లో ఇల్లినాయిలో ఎంఎస్ చేసేటప్పుడు యూనివర్సిటీ దగ్గరి ఆర్కేడ్‌లో 'విజార్డ్ ఆఫ్ వోర్' అనే వీడియో గేమ్ తెగ ఆడేవాణ్ని. మొన్న ఒక సైట్‌లో కనిపిస్తే ఏపీకే (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైల్) డౌన్‌లోడ్ చేసి ఫోన్‌లో వేసుకున్నాను. ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ పర్మిషన్లు అడిగితే ఇచ్చాను. గేమ్ నడుస్తోంది. కానీ రాక్షసులు మధ్యలో మాయమవుతున్నారు, నా బొమ్మను పక్కకు తిప్పుదామంటే నడిచిపోతోంది, అప్పట్లో వినిపించే గొంతు ఇప్పుడు రావడం లేదు. ఏం చేయాలి?"

సార్, ముందు ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. వైఫై కూడా ఆపండి. మిగతాది చదవడం ఆ తర్వాత.

గేమ్ పేరు మారుతుందంతే, ఇదే ఉత్తరం నాకు వస్తూనే ఉంది. మీరు ఆడిన ఆ మెషీన్‌లోని ప్రోగ్రామ్ మొత్తం కలిపితే కొన్ని పదుల కిలోబైట్లు. ఆ పాత మెషీన్‌లా నటించి దాన్ని నడిపించే యాప్‌కు, అంటే ఎమ్యులేటర్‌కు, స్క్రీన్, స్పీకర్, ఫైల్ తెరిచే వీలు ఉంటే చాలు. మీకొచ్చే మెసేజ్‌లతో దానికి ఏ పనీ లేదు.

యాక్సెసిబిలిటీ సంగతి ఇంకా పెద్దది. చూపు లేనివారికి ఫోన్ చదివి వినిపించడానికి, చేతులు సరిగా ఆడనివారి తరఫున బటన్లు నొక్కడానికి పెట్టిన సౌకర్యం అది. అంటే ఆ పర్మిషన్ ఉన్న యాప్ మీ స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు తానే నొక్కగలదు. దానికి ఎస్ఎంఎస్ కూడా తోడైతే బ్యాంక్ యాప్ తెరవడం, వచ్చిన ఓటీపీ చదవడం రెండూ ఒకే చేతిలోకి వెళ్లిపోతాయి. మీరు రాక్షసుల్ని కాలుస్తున్నంతసేపూ గేమ్ బాగానే నడుస్తుంది. అది బాగా నడిస్తేనే కదా మీరు తీసేయకుండా ఉంచుకుంటారు! పెళ్లి పిలుపు, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ అంటూ వాట్సాప్‌లో తిరిగే ఏపీకేలు రెండు రాష్ట్రాల్లోనూ ఎంతమంది ఖాతాలు ఖాళీ చేశాయో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. పాత గేమ్ కూడా అలాంటి ఎరే.

ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటి నుంచి తెచ్చిన యాప్‌లకు యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే ఫోనే అడ్డుపడుతుంది. ఆ అడ్డు ఎలా తీయాలో కొన్ని సైట్లు బొమ్మలు పెట్టి మరీ నేర్పిస్తాయి. మీకూ అలాంటి పేజీ కనిపించి ఉంటే అదే మోసానికి పెద్ద గుర్తు.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఇది. ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. పాస్‌వర్డ్‌లు కూడా ఆ ఫోన్ నుంచే మార్చండి, మీ దాంట్లో వద్దు. తర్వాత మీ ఫోన్‌లో యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ (యాప్‌కు ఫోన్ మీద పెత్తనం ఇచ్చే సెట్టింగ్) రెండు చోట్లా ఆ యాప్‌ను ఆపి, అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తీయనివ్వకపోతే సేఫ్ మోడ్‌లో, అంటే మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోన్ తెరిచి, ప్రయత్నించండి. ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తప్ప నాకు నమ్మకం కలగదు. ఖాతాలో ఒక్క రూపాయి తేడా కనిపించినా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆ విషయంలో ప్రతి గంటా విలువైనదే.

తప్పంతా మీదే అనను. కెమెరా అడిగినా, లొకేషన్ అడిగినా, మెసేజ్‌లన్నీ అడిగినా ఒకే సైజు డబ్బా, అవే బటన్లు. రోజుకు పదిసార్లు 'అలో' నొక్కించి అలవాటు చేసి, పదకొండోసారి మాత్రం ఆలోచించమంటే ఎవరి వల్ల అవుతుంది? ఇలా డిజైన్ చేసినవాళ్ల మీద నాకు నిజంగానే కోపం. అయినా మెసేజ్‌లు అడిగిన గేమ్‌కు 'సరే' అనడం మాత్రం మనం ఆపాలి.

ఇక మీ ప్రశ్నలు. రాక్షసులు మాయమవడం లోపం కాదు, 1981లో మిడ్‌వే కంపెనీ తెచ్చిన అసలు ఆటే అంత. మొదట కనిపించే నీలం బర్‌వోర్‌లు మాయం కావు. పసుపు గార్‌వోర్, ఎర్ర థోర్‌వోర్ మాయమవుతాయి. మీకు ఎదురుగా వచ్చేదాకా కనిపించవు కానీ, కింద ఉన్న చిన్న రాడార్‌లో వాటి చుక్కలు కదులుతూనే ఉంటాయి. నలభై ఏళ్ల క్రితం మీ చూపు ఆ రాడార్ మీదే ఉండి ఉంటుంది. చిన్న ఫోన్ స్క్రీన్‌లో దాన్ని గమనించడం కష్టం.

బొమ్మ తిరగకుండా నడిచిపోవడానికి కారణం జాయ్‌స్టిక్. ఆ మెషీన్‌లో కర్రను కొంచెం వంచితే బొమ్మ అటు తిరిగేది, ఇంకా వంచితే నడిచేది. టచ్‌స్క్రీన్‌లో ఆ రెండో మెట్టు లేదు. నమ్మకమైన ఎమ్యులేటర్‌లో నడకకు వేరే బటన్ పెట్టుకోవచ్చు. కంప్యూటర్‌లో మేమ్ అనే ఎమ్యులేటర్ ఉంది, ఉచితం, ఓపెన్ సోర్స్. దాన్ని కూడా దాని సొంత సైట్ నుంచే తీసుకోండి. గేమ్ ఫైల్‌కు మాత్రం కాపీరైట్ వర్తిస్తుంది. గొంతు ఆ మెషీన్‌లోని, మాటలు పలికే వోట్రాక్స్ చిప్‌ది. పాత ఎమ్యులేటర్లకు ఆ మాటల ఫైళ్లు విడిగా ఇవ్వాల్సి వచ్చేది, మీ దాంట్లో అవి లేకపోయి ఉండవచ్చు.

కాకినాడ నుంచి ఇంకొకరు "టీవీకి పెట్టుకునే వేల గేమ్‌ల డబ్బా కొన్నాను, బటన్ నొక్కాక ఆలస్యంగా కాలుస్తోంది" అని రాశారు. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టండి, చాలావరకు తగ్గుతుంది. విజార్డ్ ఆఫ్ వోర్ లాంటి దాంట్లో ఈ ఆలస్యం ప్రాణం మీదికే వస్తుంది. కాల్చిన తూటా దేనికో ఒకదానికి తగిలేదాకా రెండోది పేలదు. ఒకటి గురి తప్పిందంటే ఎదురుగా వచ్చే థోర్‌వోర్‌కు దొరికిపోయినట్టే.

నాకు బెంగ ఆ డబ్బా గురించి. వాటిలో చాలావాటికి లోపల ఎప్పటిదో పాత ఆండ్రాయిడ్, కొన్న రోజు నుంచి ఒక్క అప్‌డేట్ కూడా రాదు. అందులో ముందే ఎక్కించిన యాప్‌లు ఎవరివో డబ్బా మీద ఉండదు. అలాంటిదాన్ని మీ ఆఫీస్ ల్యాప్‌టాప్ ఉన్న వైఫైకే కలుపుతున్నారు. గేమ్‌లు అందులోనే ఉన్నప్పుడు దానికి నెట్ ఎందుకు? వైఫై పాస్‌వర్డ్ దానికి ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే రూటర్‌లో పాస్‌వర్డ్ మార్చండి, పిల్లలు నెట్ కావాలని పట్టుబడితే గెస్ట్ నెట్‌వర్క్ (అదే రూటర్‌లో అతిథులకు వేరుగా ఇచ్చే వైఫై) చేసి దానికే కలపండి.