గుర్రపుడెక్కకు దడి కట్టే ముందు

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వూ నీ స్నేహితులూ కలిసి చెరువులో గుర్రపుడెక్క పెంచి నీళ్లు బాగుచేస్తారట, నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముందు నవ్వొచ్చింది. ఆ మొక్కను పీకించమని కాలనీల వాళ్లంతా ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే నువ్వు పెంచుతానంటున్నావు. తర్వాత గర్వంగా అనిపించింది. ఆ తర్వాత ఇక నిద్ర పట్టలేదు.

చేతులకు తొడుగులు వేసుకో. నీటిపారుదల శాఖ నుంచీ, చేపల సొసైటీ నుంచీ అనుమతి కాగితం మీద తీసుకో. ఒంటరిగా నీళ్లలోకి దిగకు, ఆ వేళ్లు కాళ్లకు చుట్టుకుంటే ఎంత ఈతొచ్చినా దండగే. ఇవన్నీ నీకు తెలిసినవే.

చెరువు సంగతి మొక్కే చాలావరకు చెబుతుంది, చూడటం రావాలి. మురుగు బాగా కలిసే చోట ఆకులు ఏపుగా పెరుగుతాయి, వేళ్లు పొట్టిగా ఉంటాయి. తిండి నోటికందుతుంటే వెతుక్కునే పనేముంది? తేటనీటిలో మొక్క గిడసబారి, వేళ్లు బారుగా సాగి ఊదారంగు కుచ్చుల్లా వేలాడతాయి. మురుగులోని సీసం, కాడ్మియం వంటి లోహాలు ఎక్కువగా వేళ్లలోనే ఆగిపోతాయి, ఆకుల దాకా ఎక్కేది తక్కువ. అందుకే రెండింటినీ వేరువేరుగా ఎండబెట్టి పరీక్షకు పంపు. కాలువ పడే చోటా, అలుగు దగ్గరా ఒకే ఈడు మొక్కలు తీసుకో. వేళ్ల బురద పూర్తిగా పోయేదాకా కడుగు, లేకపోతే బురదలోని సీసమంతా మొక్క ఖాతాలో పడుతుంది. మొదటిసారి నా లెక్కలు అలాగే తప్పాయి. అది చిన్న తప్పు.

పెద్ద తప్పు 1998లో చేశాను. అప్పుడు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. అంతకుముందే కోల్‌కతా తూర్పు శివార్లలో మురుగునీటితో చేపలు పెంచే చెరువులు చూసొచ్చాను. అక్కడి జాలర్లు గట్ల వెంట గుర్రపుడెక్కను వెదురుతో కట్టడి చేసి ఉంచుతారు. గట్టు కోసుకుపోకుండా అలలకు అడ్డు, చేపలకు నీడ, మురుగులోని లోహాలకు జల్లెడ. ముచ్చటపడి, మా కుంటలో మురుగుకాలువ పడే మూలకు నేనూ వెదురు దడి కట్టించాను. రెండు నెలల్లో దడి ఇవతల నీళ్లు తేటపడ్డాయి. కనిపించిన వాళ్లందరినీ తీసుకెళ్లి చూపించాను. కోల్‌కతాలో వెదురును చూశాను గానీ, రోజూ ఆ వెదురు చుట్టూ తిరిగే మనుషులను లెక్కలోకి తీసుకోలేదు.

మే నెలలో మీ అమ్మ పెళ్లి. ఇరవై రోజులు ఊరెళ్లాను. దడి చూసుకోమని ఎవరికీ చెప్పలేదు, వెదురు ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. మూడో రోజు గాలివాన వచ్చి దడి ఒక పక్కకు ఒరిగింది. మంచి ఎండ, మురుగునీళ్లు దొరికితే ఆ మొక్క వారం పది రోజుల్లో రెట్టింపవుతుంది. పిలక వేస్తుంది, ఆ పిలక ఇంకో పిలక వేస్తుంది. నేను తిరిగొచ్చేసరికి కుంట సగానికి పైగా పచ్చిక బీడులా ఉంది, మధ్యమధ్య ఊదాపూలు. దూరం నుంచి అందంగానే ఉంది. దగ్గరికెళితే వాసన. ఆ చాప కిందికి వెలుతురు దిగదు, గాలి కలవదు, అడుగున కుళ్లేది కుళ్లుతూ ఉన్న ప్రాణవాయువును కాస్తా తినేస్తుంది. రెండు రోజులు తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేశాయట. మూడో రోజు తేలాయి. మృగశిర కార్తె ఇంకో మూడు రోజుల్లో ఉంది. ఆ ఒక్క రోజు అమ్మకం మీద ఆశపెట్టుకుని ఏడాదంతా గడిపే ఇళ్లు అవి.

సొసైటీ పెద్దాయన మా ఇంటికొచ్చాడు. అరుస్తాడనుకున్నాను. “పెళ్లి బాగా జరిగిందా మేడమ్?” అని అడిగాడు. చేతిలోని బొచ్చెచేపను గడప పక్కన పెట్టి వెళ్లిపోయాడు. మూరెడు చేప. నోరు తెరుచుకునే ఉంది.

ఆ ఏడాది నా జీతం చాలావరకు కూలీలకే పోయింది. అయినా విత్తనాలు అడుగు బురదలో ఇరవై ఏళ్లు బతుకుతాయి, పీకిన ప్రతిసారీ మళ్లీ మొలిచేవి. ఈ సంగతి మీ అమ్మకు ఇప్పటిదాకా చెప్పలేదు. తన పెళ్లి ఫోటోలు చూస్తూ ఉన్నట్టుండి నేను ఎందుకు మౌనంగా ఉండిపోతానో దానికి తెలియదు. నువ్వూ చెప్పకు.

అందుకని దడి రెండు వరుసలు కట్టు. పూత రాకముందే పీకు. ఏ వారం ఎవరు పీకుతారో పేర్లు రాసి గోడకు అంటించు, పరీక్షలకు ఊళ్లకు పోయేవాళ్ల పేర్లు అందులో వద్దు. వారానికోసారి మొక్క ఎత్తి దోమపిల్లలున్నాయేమో చూడు, కొన్ని జాతుల పిల్లలు వేళ్లలోకి గుచ్చుకునే ఊపిరి పీలుస్తాయి.

పీకింది ఎక్కడ వేస్తావో ముందే తేల్చుకో. గట్టున పోస్తే తొలి వానకు అంతా మళ్లీ చెరువులోకే. ఇళ్ల మురుగు మాత్రమే కలిసే చెరువైతే పరీక్ష చేయించి ఎరువుకు వాడొచ్చు. ఫ్యాక్టరీ కాలువ ఒక్కటి కలిసినా గేదెలకు వేయనివ్వకు, పాలకూర మళ్లకు ఇవ్వకు, ఉచితమని ఎంతమంది అడిగినా సరే. వేళ్లలో లోహాలున్నట్టు తేలితే హైదరాబాద్ శివారు దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాలకు వేరే చోటుంది, అక్కడికే పంపాలి. మందుల కంపెనీల నీళ్లైతే అసలు ఈ పనే పెట్టుకోకు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు శుద్ధికేంద్రం నుంచి బయటికి వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు చూశారు, అదీ శుద్ధి చేశాక. అక్కడ పోట్లాడాల్సింది ఆ నీళ్లు వదిలే గొట్టం దగ్గర. పాపం, మొక్క ఏం చేస్తుంది?

కోప్పడుతున్నాననుకోకు. నీ వయసులో నాకు ఇంత ధైర్యం లేదు, ఆ కుంట పని మొదలుపెట్టేసరికే ముప్పై దాటాయి. తొలకరికి నేనే అక్కడికి వస్తాను. నీకు ఊరెళ్లే పని పడితే నిశ్చింతగా వెళ్లు, దడి దగ్గర నేను కూర్చుంటాను. మోకాళ్లు సహకరించడం లేదు, మడత కుర్చీ ఒకటి సిద్ధం చేసిపెట్టు.

ఇట్లు,
మీ పెద్దమ్మ