మిల్లుల దగ్గరి మీల్స్ హోటల్‌కు ట్యాబ్‌లు అవసరమా?

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర మాకు పది టేబుళ్ల మీల్స్ హోటల్ ఉంది. టేబుల్‌కో ట్యాబ్, క్యూఆర్ మెనూ, బిల్లింగ్ అన్నీ కలిపి 3 లక్షలకు పెట్టిస్తామని ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. 14 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ కూడా వాళ్లే ఇప్పిస్తారట. తీసుకోవచ్చా?

జవాబు: ఆ లోన్ వద్దండీ. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒక్కటి తీసుకోండి, చాలు.

3 లక్షలకు ఈఎంఐ నెలకు దాదాపు 10,250 పడుతుంది. సరుకులు, గ్యాస్ పోను వంద రూపాయల అమ్మకంలో మీకు 40 మిగులుతాయనుకుందాం. ఆ వాయిదా కట్టడానికే రోజుకు 850 రూపాయల గిరాకీ కొత్తగా పెరగాలి. వానాకాలం, యాసంగి వడ్లు మిల్లులకు దిగే రోజుల్లో పెరగొచ్చు. మిగతా నెలల్లో గిరాకీ తగ్గినా ఈఎంఐ తగ్గదు కదా.

అసలు మీల్స్‌కు ఆర్డర్ ఏముంటుంది? ఆకలి మీద వచ్చిన హమాలీ, లారీ డ్రైవర్ కూర్చోగానే ప్లేటు పడాలి. వాళ్లను ట్యాబ్‌లో వెతుక్కోమనడం నాకు సబబుగా అనిపించదు. మీలాంటి హోటళ్లలో డబ్బు జారిపోయేది ఎక్స్‌ట్రాల దగ్గర. మధ్యలో ఒక ఆమ్లెట్, ఒక చికెన్ ఫ్రై అడుగుతారు. సర్వర్ వంటగదిలోకి కేకేసి చెప్తాడు, రద్దీలో కౌంటర్‌కు చెప్పడం మరిచిపోతాడు. తిన్నది బిల్లులోకి రాదు. సర్వర్ ఫోన్‌లో నొక్కగానే వంటగదిలో కేఓటీ (ఏం వండాలో వంటవాళ్లకు చెప్పే ఆర్డర్) చీటీ వచ్చి, అదే బిల్లులోనూ చేరితే ఆ నష్టం ఆగుతుంది. దానికి మామూలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, రెండు థర్మల్ ప్రింటర్లు సరిపోతాయి.

కొనేముందు ఒక మాట అడగండి: చెప్పిన ధర జీఎస్టీతో కలిపేనా? 18 శాతం విడిగా వేస్తే 3 లక్షల మీద ఇంకో 54,000 అవుతుంది. 5 శాతం జీఎస్టీ వసూలు చేసే హోటల్‌కు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని తాను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునే వీలు) రాదు కాబట్టి అది పూర్తిగా మీ జేబులోంచే పోతుంది. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ చెల్లింపులకు 2020 జనవరి నుంచి వ్యాపారి మీద ఎండీఆర్ ఛార్జీ (డిజిటల్ చెల్లింపు తీసుకున్నందుకు వ్యాపారి నుంచి కోసుకునే రుసుము) లేదు. అందుకే పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సేవ) పేరుతో బిల్లుకు ఇంత శాతం అంటే ఒప్పుకోకండి, కౌంటర్ దగ్గరి క్యూఆర్ కోడే ఉంచండి.

మొదట నెలవారీ చందా మీదే తీసుకుని, ఒక సీజన్ వాడి చూడండి. నెట్ పోయినా బిల్లు రావాలి, మానేసిన రోజు మీ అమ్మకాల లెక్కలు ఎక్సెల్‌లో మీ చేతికివ్వాలి. ఈ రెండూ కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.