లిబర్టీ, ఫ్రీడమ్: ఒకదాని బదులు ఇంకొకటి వాడొచ్చా?

నిఘంటువులో రెండింటికీ ‘స్వేచ్ఛ’ అనే ఉంది కాబట్టి ఏది వాడినా ఒకటేనా అని అడిగారు. కాదు. ఫ్రీడమ్ పాత ఇంగ్లీషు మాట, లిబర్టీ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. చట్టాల భాషలో లిబర్టీ బాగా స్థిరపడింది. పౌరహక్కులను ‘సివిల్ లిబర్టీస్’ అనే అంటారు, దాదాపు ఎప్పుడూ బహువచనంలోనే. మామూలు మాటల్లో మాత్రం అది కొన్ని పదబంధాల్లోనే వినిపిస్తుంది. తప్పులు దొర్లేదీ అక్కడే.

‘ఐ టుక్ ద లిబర్టీ ఆఫ్ కరెక్టింగ్ యువర్ డ్రాఫ్ట్’ అంటే, మిమ్మల్ని అడగకుండానే చొరవ తీసుకుని మీ చిత్తుప్రతి దిద్దాను అని. మర్యాదగా చెప్పే మాట ఇది. ‘ఆఫ్’ తర్వాత క్రియకు ‘ఇంగ్’ చేర్చాలి. ‘టు కరెక్ట్’ అని చాలామంది రాస్తారు, అది అతకదు. పని చిన్నదై ఉండాలి, అవతలివాళ్లు వద్దంటే వెనక్కి తీసుకోగలిగేదై ఉండాలి. అడగకుండా ఒప్పందం రద్దు చేసి ఇలా రాస్తే పొగరుగా ధ్వనిస్తుంది.

అదే మాటను బహువచనం చేసి ‘విత్’ తగిలిస్తే అర్థం తిరగబడుతుంది. ‘హీ టుక్ లిబర్టీస్ విత్ ద ఫ్యాక్ట్స్’ అంటే వాస్తవాలను తనకు నచ్చినట్టు మార్చేశాడని. ‘విత్ హర్’ అంటే ఆమె దగ్గర హద్దుమీరి ప్రవర్తించాడని. కాస్త పాతకాలపు వాడుకే అయినా ఆరోపణ తీవ్రమైనదే. మెయిల్లో పొరపాటున ‘లిబర్టీస్’ అని పడితే మర్యాద కాస్తా నేరాంగీకారం అయిపోతుంది!

మనం తెలుగులో ‘వాడికి లిబర్టీ ఇచ్చాను’ అనేది చనువు గురించి. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే చెరనుంచి విడిపించినట్టు ఉంటుంది. పనిలో స్వేచ్ఛ ఇచ్చారనుకోండి, ‘ఐ గేవ్ హిమ్ ఎ ఫ్రీ హ్యాండ్’ అనండి.

‘ఐయామ్ నాట్ ఎట్ లిబర్టీ టు సే’ అంటే విషయం తెలుసు, చెప్పే అనుమతి లేదు అని. తెలియనప్పుడు ఇది వాడకూడదు. ఇవాళ ఖాళీగా ఉన్నానని చెప్పడానికి ‘ఐయామ్ ఎట్ లిబర్టీ టుడే’ అనడం కూడా నప్పదు, ‘ఫ్రీ’ చాలు. పైగా, పారిపోయిన ఖైదీ ఇంకా దొరకలేదని చెప్పడానికీ ‘స్టిల్ ఎట్ లిబర్టీ’ అనే అంటారు.

భయం నుంచి, ఆకలి నుంచి విముక్తి అనాలంటే ‘ఫ్రీడమ్ ఫ్రమ్’ అనాలి. 1941లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నాలుగు స్వేచ్ఛల ప్రసంగంలో వాడింది కూడా ‘ఫ్రీడమ్ ఫ్రమ్ ఫియర్’ అనే.