పుట్టగొడుగుల మీద రీసెర్చ్ చేస్తానంటోంది, చదివించమంటారా?

ప్రశ్న: మాది కావలి. మా పాప ఇంటర్ బైపీసీ సెకండియర్. ఇంటి వెనక రేకుల షెడ్డులో వరిగడ్డి సంచుల్లో పుట్టగొడుగులు పెంచుతోంది. నీట్ రాయదట, పుట్టగొడుగుల్లోని మందు గుణాల మీద రీసెర్చ్ చేస్తుందట. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: పాప గాల్లో మేడలు కట్టడం లేదండీ. షిటాకే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్ అనే మందుకు జపాన్‌లో 1985లో అనుమతి వచ్చింది. కడుపు క్యాన్సర్ రోగులకు కీమోతో పాటు ఇచ్చారు, కీమో మాన్పించి కాదు. ఈ తేడా పాపకు ఇప్పుడే తెలియాలి. పుట్టగొడుగు పొడితో క్యాన్సర్ తగ్గిపోతుందని క్యాప్సూల్స్ అమ్మేవాళ్ల మాటలు నమ్మనివ్వకండి.

ల్యాబ్‌లో పని వేరుగా ఉంటుంది. పొడిని నీళ్లలో గంటల తరబడి మరిగించి, వడకట్టి, ఆ నీళ్లలో ఆల్కహాల్ పోస్తారు. తెల్లగా దూదిపింజల్లాంటిది అడుక్కి దిగుతుంది. బీటా గ్లూకాన్ల (చక్కెర అణువులు గొలుసుల్లా కలిసిన పదార్థాలు, లెంటినాన్ కూడా ఆ కోవదే) లాంటివి అందులోనే ఉంటాయి. అందులో ఏముంది, ఎంత శుద్ధంగా ఉంది, కణాల మీద వేస్తే ఏమవుతుంది అని తేల్చడానికి ఏళ్లు పడుతుంది. చూశారా, ఇందులో పుట్టగొడుగు కంటే కెమిస్ట్రీయే ఎక్కువ. అందుకే ‘మష్రూమ్ కోర్సు’ కోసం వెతక్కండి, కెమిస్ట్రీ గట్టిగా నేర్పే డిగ్రీ చూడండి.

నా మొదటి ఓటు తిరుపతి ఐసర్‌కి, అంటే సైన్స్ చదువుకీ రీసెర్చ్‌కీ ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థకి. డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు, మీకు దూరం కూడా కాదు. బైపీసీ వాళ్లూ రాయొచ్చు. కాకపోతే ఐసర్ ప్రవేశపరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలకు 15 మ్యాథ్స్‌వి. మన బైపీసీ పిల్లలు జారేది అక్కడే. ఇప్పటి నుంచే రోజూ గంట లెక్కలు చేయించండి. సీటు రాకపోతే బీఫార్మసీ చదివి పీజీకి హైదరాబాద్ నైపర్‌కి (ఫార్మసీలో పీజీ, రీసెర్చ్ చేయించే కేంద్ర సంస్థ) ప్రయత్నించొచ్చు. మధ్యలో మనసు మారినా ఫార్మా కంపెనీల్లో పని దొరుకుతుంది.

ఒకటి దాచను. పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి ఇరవై ఎనిమిదేళ్లు వస్తాయి. నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది, ఆ ఏళ్లలో మీ మీద భారం పడదు. పెళ్లి మాటతో మధ్యలో ఆపించే ఉద్దేశం ఉంటే మాత్రం ఇప్పుడే పాపతో కూర్చుని మాట్లాడండి.

ఈ ఆదివారం షెడ్డులోకి వెళ్లి పాప నోటుబుక్ చూడండి. ఏ సంచిలో ఎన్ని రోజులకు తెల్లదారాలు పాకాయో రాసిందా? పచ్చబూజు పట్టి పారేసిన సంచుల లెక్క కూడా రాసి ఉంటే, ఐఏటీ ఫీజు ధైర్యంగా కట్టేయండి.