గేర్ గుర్తు పక్కన ఒక మాట రాయండి
మీ లైబ్రరీ సెర్చ్ పేజీలో అక్షరాల సైజు, పుస్తకాల వరస మార్చుకునే వీలున్నా ఎవరూ వాడటం లేదన్నారు కదండీ. తప్పు పాఠకులది కాదు. మూలనున్న గేర్ గుర్తు, అంటే పళ్ల చక్రం బొమ్మ, చూడగానే సెట్టింగ్స్ అని అందరికీ తట్టదు. దాని పక్కనే ‘మీకు నచ్చినట్టు మార్చుకోండి’ అని తెలుగులో రాయండి. వరస మార్చే ఆప్షన్ని మాత్రం అక్కణ్ణుంచి తీసి ఫలితాల నెత్తినే పెట్టండి, ఆ అవసరం గుర్తొచ్చేది అక్కడే.

వికీపీడియా కంప్యూటర్లో తెరవండి. వ్యాసం పక్కనే చిన్న, సాధారణ, పెద్ద అక్షరాలు ఎంచుకునే పెట్టె ఉంటుంది, వద్దనుకుంటే దాచేయొచ్చు. చూపు ఆనని మా నాన్నగారు ఎవరూ చెప్పకుండానే ‘పెద్ద’ నొక్కేశారు!

మార్చాక ఒక పాఠకుణ్ణి కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా, వేలు ఎటు వెళ్తుందో గమనించండి.