కొనేముందు పెన్‌డ్రైవ్‌తో ఒక నెల

అమ్మడూ,

ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లినక్స్ (విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) నేర్చుకోవాలి, యానిమేషన్ చేయాలి, రెండిటికీ పనికొచ్చే కంప్యూటర్ ఏదో చెప్పమన్నావు. మోడల్ పేరు చెప్తానని చూస్తున్నావేమో, అది మాత్రం చెప్పను. ఆ పేర్లు ఏడాది తిరక్కుండానే మారిపోతాయి. ఎలా ఎంచుకోవాలో చెప్తాను.

నువ్వు అడిగిన రెండు పనులకూ అసలు పొసగదు. కొత్త సిస్టమ్ నేర్చుకునే కంప్యూటర్ చెడిపోయినా ఫర్వాలేదు అనిపించాలి. నాలుగుసార్లు చెడగొట్టి బాగుచేసుకుంటేనే లినక్స్ ఒంటబడుతుంది. యానిమేషన్ చేసే కంప్యూటర్ అలా కాదు, రాత్రంతా ఆగకుండా నడవాలి. చేతిలో ఉన్న డబ్బంతా ఒక్క మెషీన్ మీద పోసి, దాని మీదే ప్రయోగాలు మొదలుపెట్టావనుకో, ప్రతి కమాండ్ కొట్టేటప్పుడూ టెన్షనే.

అందుకని ఒక నెల ఆగు. నీ పాత ల్యాప్‌టాప్ చాలు. లినక్స్‌లో రకాలున్నాయి, వాటిలో లినక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ దింపుకుని 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదకు ఎక్కించు. ఊరికే కాపీ చేస్తే కంప్యూటర్ దానితో బూట్ కాదు (మొదలవదు), రూఫస్ లాంటి టూల్‌తో రాయాలి. అలా రాస్తే పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవన్నీ పోతాయి, ముందే తీసి దాచుకో. ఆ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే లోపలున్న డిస్కును ముట్టుకోకుండానే లినక్స్ తెర మీదకు వస్తుంది. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, మూత వేసి తీస్తే మళ్లీ లేస్తోందా చూడు. వారం రోజులు అలా తిరిగాక, నీ ఫైళ్లన్నీ ఇంకోచోట భద్రం చేసుకుని, ఆ ల్యాప్‌టాప్‌లోనే పూర్తిగా ఇన్‌స్టాల్ చెయ్యి. చెడిపోతే మళ్లీ చెయ్యి. నేను మొదటి నెలలో ఐదుసార్లు చేశాను, ఐదోసారికి అరగంట పట్టింది.

ఈలోగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. నువ్వు వాడబోయే సాఫ్ట్‌వేర్ ఏది? ఉచితంగా దొరికే బ్లెండర్ (త్రీడీకి), క్రిటా, సిన్‌ఫిగ్ (టూడీకి) లినక్స్ మీద హాయిగా నడుస్తాయి. డబ్బు పెట్టి కొనే త్రీడీ సాఫ్ట్‌వేర్ మాయాకు కూడా లినక్స్ వెర్షన్ ఉంది. అడోబీ వాళ్ల ఆఫ్టర్ ఎఫెక్ట్స్, యానిమేట్ మాత్రం లినక్స్‌కు లేవు. నీకు నేర్పేవాళ్లు వాటి మీదే నేర్పేటట్టయితే విండోస్ కూడా ఉంచుకోక తప్పదు. ఉచితంగా వచ్చేవి పిల్లల ఆటలని ఎవరైనా అంటే పట్టించుకోకు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న సినిమాను బ్లెండర్‌లోనే చేశారు.

ఇక డబ్బు ఎక్కడ పెట్టాలి? త్రీడీ చేస్తావా, టూడీ చేస్తావా అన్నదాన్ని బట్టి లెక్క పూర్తిగా మారిపోతుంది.

త్రీడీ అయితే ఈ లెక్క చూడు. సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. 10 సెకన్ల షాట్ అంటే 240 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము రెండర్ కావడానికి (కంప్యూటర్ దాన్ని పూర్తి బొమ్మగా తయారుచేయడానికి) 3 నిమిషాలు పడితే మొత్తం 12 గంటలు. అదే ఒక నిమిషంలో అయితే 4 గంటలు. షాట్ చూసుకున్నాక బొమ్మ చెయ్యి వంకరగా కనిపిస్తుంది (కనిపిస్తుంది, రాసి పెట్టుకో), దిద్ది మళ్లీ మొదలుపెట్టాలి. రోజుకు రెండుసార్లు దిద్దుకోగలవా, ఒక్కసారేనా అన్నది గ్రాఫిక్స్ కార్డు చేతిలో ఉంది. కాబట్టి త్రీడీకి డబ్బు ముందు అక్కడ పెట్టు. కార్డు వేగం చూసి మురిసిపోకుండా దాని సొంత మెమరీ ఎంతో చూడు. సీన్ అందులో పట్టకపోతే రెండర్ నత్తనడక నడుస్తుంది, లేదా మధ్యలోనే ఆగిపోతుంది. బ్లెండర్ వాళ్లు కనీసం 2 జీబీ అంటారు, 8 ఉంటే మంచిదంటారు. నన్నడిగితే 8కి తక్కువ కొనకు, కుదిరితే 12 తీసుకో.

కార్డు ఎన్విడియాదా, ఏఎండీదా అని అడుగుతావు. ఏఎండీ డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) లినక్స్ కెర్నల్‌లోనే, అంటే దాని గుండెకాయలోనే ఉంటుంది, పెట్టగానే పనిచేస్తుంది. ఎన్విడియాకు డ్రైవర్ విడిగా వేసుకోవాలి, సెక్యూర్ బూట్ (ఆమోదం లేని సాఫ్ట్‌వేర్‌ను మొదట్లోనే ఆపే తాళం) ఆన్‌లో ఉంటే ఒకరోజు తల పట్టుకుంటావు కూడా. అయినా బ్లెండర్‌లో సైకిల్స్ అనే ఇంజిన్‌తో చేసే రెండరింగ్‌కి ఎన్విడియా దారే నున్నగా ఉంది. ఆ ఒక్కరోజు తలనొప్పి భరించు, అదీ చదువే.

టూడీ మాత్రమే చేస్తానంటే పెద్ద కార్డు అక్కర్లేదు, ర్యామ్ కావాలి. 1920 బై 1080 సైజు ఫ్రేము ఒకటి పూర్తిగా నిండితే మెమరీలో దాదాపు 8 ఎంబీ. 240 ఫ్రేములకు ఒక్క లేయరే (బొమ్మ పొర) సుమారు 2 జీబీ. అలాంటి లేయర్లు ఐదు వేసుకో, 10 జీబీ అయిపోయింది. కాబట్టి 16కి తగ్గొద్దు, 32 అయితే నిశ్చింత. మిగిలిన డబ్బుతో మంచి పెన్ టాబ్లెట్ (పెన్నుతో బొమ్మలు గీసే పలక) కొనుక్కో, స్క్రీన్ లేని మామూలుదే చాలు. వాకమ్ కంపెనీ వాటికి లినక్స్‌లో ఎప్పటినుంచో డ్రైవర్లు ఉన్నాయి.

డెస్క్‌టాపే తీసుకో. ల్యాప్‌టాప్‌లో అదే పేరున్న గ్రాఫిక్స్ కార్డు తక్కువ కరెంటు మీద నడుస్తుంది, అందుకే బలం తగ్గుతుంది. గంటల తరబడి రెండర్ చేస్తే వేడెక్కి తానే నెమ్మదిస్తుంది. నేను ఒకసారి పల్చగా, మెరిసిపోతున్న ల్యాప్‌టాప్ చూసి మోజుపడ్డాను. పైన పటారం, లోన లొటారం. ర్యామ్ పెంచుదామని విప్పి చూస్తే బోర్డు మీద టంకం వేసి అతికించేశారు. 8 జీబీతోనే నాలుగేళ్లు లాగాను. నీకు చదువు కోసం రోజూ మోసుకెళ్లక తప్పదంటే ల్యాప్‌టాప్ కొను గానీ, ర్యామ్ మార్చే వీలుందా, రెండో ఎస్‌ఎస్‌డికి (ఫైళ్లు దాచే వేగమైన డిస్కుకు) చోటుందా అడిగి మరీ కొను. ఆపిల్ ఎం సిరీస్ చిప్ ఉన్న మ్యాక్ బ్లెండర్‌కు బాగానే ఉంటుంది. దాని మీద లినక్స్ ఎక్కించడం మాత్రం కొత్తవాళ్ల పని కాదు.

ప్రాసెసర్ ఎనిమిది కోర్లది, ఈమధ్య వచ్చినదైతే చాలు, దాని గురించి బుర్ర పాడుచేసుకోకు. రంగుల లైట్లకు పైసా ఎక్కువ ఇవ్వకు. మానిటర్ ఐపీఎస్ రకం తెర ఉన్నది చూడు, రంగులు నమ్మకంగా ఉంటాయి. ఎస్‌ఎస్‌డిలు రెండు పెట్టించుకో, విండోస్ ఒకదాని మీద, లినక్స్ ఒకదాని మీద. ఒకటి చెడినా రెండోది బతికుంటుంది.

యూపీఎస్ మరచిపోకు. ఒక రాత్రి తెల్లవారుజామున కరెంటు పోయి నా రెండర్ మొత్తం గంగపాలైంది, ఎందుకంటే నేరుగా వీడియో ఫైలుగా తీస్తున్నాను. ఫ్రేములను విడివిడి పీఎన్‌జీ బొమ్మలుగా తియ్యి. ఎక్కడ ఆగితే అక్కడినుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఈ నెల రోజుల్లో పాత ల్యాప్‌టాప్ మీద చిన్న యానిమేషన్ ఒకటి చెయ్యి, బంతి ఎగరడమైనా సరే. మరీ పాతదై కొత్త బ్లెండర్ తెరుచుకోకపోతే క్రిటాలో చెయ్యి. ఎక్కడెక్కడ ఆగిపోయిందో, ర్యామ్ నిండిందో, రెండర్‌కు ఎంతసేపు పట్టిందో ఒక కాగితం మీద రాసి పంపు. అది చూశాక ఇద్దరం కూర్చుని లిస్టు వేద్దాం.

నీ పెదనాన్న

తా.క. కొత్తది కొనేటప్పుడు షాపువాళ్లు ఎక్స్‌ఛేంజ్ అంటారు. ఆ పాత ల్యాప్‌టాప్ ఇచ్చెయ్యకు. చెడగొట్టుకోవడానికి అది ఉండాలి.