అల్లుడూ, ఆ మిగిలిన ఇరవై కాల్చకు

అల్లుడూ,

పేలిన ఇత్తడి తొడుగుల్లో, అంటే కేసుల్లో, మళ్ళీ పౌడర్, బుల్లెట్ పెట్టి ఇంట్లోనే తూటాలు చేస్తున్నానంటూ నువ్వు రాసిన ఉత్తరం, ఫొటోలు అందాయి. నువ్వు అడిగిన వరసలో కాదు, నాకు భయం వేసిన వరసలో జవాబు రాస్తున్నాను. ఏమనుకోకు.

అన్నిటికంటే ముందు, డబ్బాలో మిగిలిన ఆ ఇరవై తూటాలూ కాల్చకు. "మొదటి పదీ బాగానే పేలాయి మామయ్యా" అని రాశావు. అవి బాగా పేలలేదురా, నీ అదృష్టం బాగుంది, అంతే. మూడో ఫొటో మళ్ళీ పెద్దది చేసి చూడు. కేసు అడుగున, అక్షరాల పక్కన చిన్న గుండ్రటి మెరుపు మచ్చ ఉంది. అది ఎజెక్టర్, అంటే ఖాళీ కేసును బయటికి నెట్టే పిన్ను, కూర్చునే రంధ్రం అచ్చు. ఇత్తడి ఆ రంధ్రంలోకి పొంగేంత ఒత్తిడి వచ్చిందన్నమాట. బోల్ట్ (తుపాకీని వెనకనుంచి మూసే కడ్డీ) పిడి లేపడానికి అరచేత్తో కొట్టాల్సొచ్చిందని కూడా నువ్వే రాశావు. ప్రైమర్ (కేసు అడుగున దెబ్బ తగిలి నిప్పు రాజేసే చిన్న గిన్నె) చదునవడం ఒక్కటే అయితే ఇంత గాభరా పడను. మెత్తటి ప్రైమర్లు మామూలు లోడుకే, అంటే మామూలు పౌడర్ మోతాదుకే, చదునవుతాయి, గట్టివి ఒత్తిడి ఎక్కువైనా అంచు గుండ్రంగానే ఉంచుకుంటాయి. ప్రైమర్‌ను చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. కానీ ఈ అచ్చు, ఆ బిగుసుకున్న బోల్ట్ రెండూ ఒకేసారి కనబడితే ఇంకేం ఆలోచించక్కర్లేదు, ఆపేయాలి.

కారణం నీ ఉత్తరం రెండో పేజీలోనే ఉంది. పాత బుల్లెట్లు దొరక్క వేరే కంపెనీవి తెచ్చావు. బరువు అదే కదా అని పౌడర్ కూడా అంతే వేశావు. బరువు ఒకటే అయినా ఆకారం ఒకటి కాదు. గొట్టం లోపల చెక్కిన మెలి గాళ్ళకు రాసుకునే భాగం కొన్నిటికి పొడుగు, కొన్నిటికి పొట్టి. పైతొడుగు గట్టిదనం వేరు. మొన కురచగా ఉంటే, మొత్తం పొడవు పాతదే పెట్టినా, బుల్లెట్ లావు భాగం గాళ్ళకు ముందే ఆనేస్తుంది. అలా ఆనితే ఒత్తిడి చటుక్కున ఎగబాకుతుంది. కేసులు మార్చినా ఇదే గొడవ. మిలిటరీ కేసుల గోడ చాలావాటికి మందం, లోపల చోటు తక్కువ, అదే పౌడర్ అక్కడ ఇరుకున కాలుతుంది. ప్రైమర్ మార్చినా అంతే, అదే పౌడర్ కొత్త లాట్ డబ్బా తెరిచినా అంతే. ఏది మారినా లోడింగ్ పుస్తకం తెరిచి, స్టార్టింగ్ లోడ్ దగ్గరికి దిగి, అక్కడినుంచి కొద్దికొద్దిగా ఎక్కు. విసుగే. నాకూ విసుగే.

ఆ ఇరవైనీ, బుల్లెట్‌ను కేసులోంచి ఊడలాగే పుల్లర్‌తో విప్పెయ్. సుత్తిలా కొట్టే పుల్లర్ అయినా పర్వాలేదు, కళ్ళద్దాలు పెట్టుకుని కొట్టు. బుల్లెట్లు, కేసులు దాచుకో. పౌడర్ మాత్రం తిరిగి డబ్బాలో పొయ్యకు, మొక్కల మొదట్లో పల్చగా చల్లెయ్.

ఇంకో మాట. నీ దగ్గర లైసెన్సు ఉంది, నువ్వున్న చోట చట్టం ఒప్పుకుంటుంది కాబట్టే ఇదంతా రాస్తున్నాను. ఇండియాలో ఉన్న మీ తమ్ముడికి ఈ ఉత్తరం చూపించి వాడికి ఆశలు పెట్టకు. అక్కడ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం.

ఇప్పుడు నువ్వు తేలిగ్గా తీసుకున్న విషయం. ఆరుసార్లు వాడిన కేసుల మీద, అడుగునుంచి కాస్త పైన ఒక తెల్లటి గీత చుట్టూ తిరిగి ఉందన్నావు. "పాలిష్ చేస్తే పోతుందా" అని అడిగావు. అబ్బాయ్, దాన్ని పాలిష్ చేస్తే రోగాన్ని దాచినట్టే.

ఆ గీత రెండు రకాలుగా వస్తుంది. డై (పేలి ఉబ్బిన కేసును మళ్ళీ కొలతకు తెచ్చే అచ్చు) కేసును నొక్కి ఆగిన చోట పడే మెరుపు ఒకటి, దాంతో బాధ లేదు. రెండోది లోపల ఇత్తడి సాగి పల్చబడిన చోట వచ్చేది, కేసు అడుగు భాగం అక్కడే ఊడొస్తుంది. బయటినుంచి రెంటికీ పెద్ద తేడా కనబడదు, వేలికే తెలియాలి. ఒక పేపర్ క్లిప్ నిటారుగా చేసి, చివర చిన్న కొక్కెంలా వంచి, ఆ కొన సూదిగా అరగదియ్యి. కేసు లోపలికి దించి, కొక్కెం గోడకు ఆనించి, అడుగునుంచి మెల్లగా పైకి లాగు. మంచి కేసులో నున్నగా జారుకుంటూ వస్తుంది. పల్చబడినదాంట్లో గీత ఎదురుగా సన్న గాడిలో పడి టిక్ మని ఆగుతుంది. మొదటిసారి తెలియకపోవచ్చు. అందుకని ముందు ఒక్కసారే పేల్చిన కేసులో లాగి చూసుకో, తర్వాత వీటిలో లాగు. ఒక్కదాంట్లో కొక్కెం ఆగినా సరే, ఆ ఆరుసార్ల కేసులన్నీ ప్లయర్‌తో నొక్కి తుక్కులో పడెయ్.

ఇలా ఎందుకైందో నాకు సుమారుగా తెలుసు. డైతో వచ్చిన కాగితంలో రాసినట్టు, కేసు అడుగును పట్టుకునే షెల్ హోల్డర్‌కు తగిలేదాకా దించి ఇంకో పావు చుట్టు బిగించి ఉంటావు. అలా చేస్తే తూటా ఏ తుపాకీలోనైనా పడుతుంది, కానీ నీ తుపాకీలో వదులుగా పడుతుంది. కేసు భుజం (మెడ కింద వాలుగా ఉండే భాగం) అవసరానికి మించి వెనక్కి పోతుంది. పేలినప్పుడు కేసు ముందు భాగం ఛాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) గోడకు అతుక్కుంటే, అడుగు వెనక్కి జరుగుతుంది. మధ్యలో ఇత్తడి సాగాలి కదా! ఆరుసార్లు సాగింది. పేల్చిన కేసును, అడుగునుంచి భుజం దాకా పొడవు తేల్చే కంపారేటర్‌తో కొలిచి రాసుకో. డైని కొద్దికొద్దిగా దించుతూ, నీలాంటి బోల్ట్ రైఫిల్‌కి అంగుళంలో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు వెనక్కి పోయేట్టు చూసుకో. దానంతటదే లోడ్ అయ్యే రైఫిల్‌కి మూడు, నాలుగు వంతులు వదలాలి. మెడ పొడవూ మర్చిపోకు. నీ 308 రకం రైఫిల్ కేసుకి గరిష్ఠం 2.015 అంగుళాలు, కోస్తే 2.005 దగ్గరికి కోయాలి. దాటితే మెడ అంచు ఛాంబర్ చివర ఇరుక్కుని బుల్లెట్‌ను పట్టేసుకుంటుంది. నీ బిగుసుకున్న బోల్ట్‌కి ఇదీ ఒక చెయ్యి వేసిందేమో, కొలిచి చూడు.

మూడు తూటాలు మొదటి దెబ్బకి పేలలేదు, రెండో దెబ్బకి పేలాయన్నావు. అది ప్రైమర్ తప్పు కాదు, నీ చేతి తప్పు. ప్రైమర్ గూటి అడుగుదాకా దిగలేదు. మొదటి దెబ్బ బలం దాన్ని దింపడానికే సరిపోయింది. వేలి కొనతో తడిమితే ప్రైమర్ అడుగు కేసు మట్టం కంటే కొంచెం లోపలికి, అంగుళంలో వెయ్యికి మూడు నుంచి అయిదు వంతులు లోతుగా ఉండాలి. పొడుచుకుని ఉంటే అది పేలకపోవడం ఒక్కటే సమస్య కాదు, కొన్ని తుపాకుల్లో బోల్ట్ మూసుకోగానే తనంతట తనే పేలొచ్చు. మిలిటరీ కేసులైతే గూటి అంచు నొక్కి ఉంటుంది, దాన్ని తీసెయ్యకపోతే ప్రైమర్ సరిగ్గా దిగదు. పేలని తూటాని వెంటనే బయటికి లాగకు. గొట్టం గురివైపే ఉంచి అర నిమిషం ఆగు. ఆలస్యంగా పేలేవి ఉంటాయి.

కాలిన ప్రైమర్‌ను బయటికి పొడిచే నీ డీక్యాపింగ్ పిన్ విరగడానికి కారణం ఆ ఏరుకొచ్చిన కేసులే. లోపలికి టార్చి వేసి చూడు, ఒకటికి బదులు రెండు చిన్న రంధ్రాలు కనబడితే అవి బెర్డన్ కేసులు. మధ్యలో ఒక్క రంధ్రం ఉంటేనే బాక్సర్, మనకు పనికొచ్చేవి అవే. తమాషా ఏమిటంటే ఈ రెండు రకాలూ కనిపెట్టిన వాళ్ళలో బాక్సర్ ఇంగ్లిష్ వాడు, బెర్డన్ అమెరికా వాడు. చివరికి అమెరికాలో బాక్సర్ నిలబడ్డాడు, యూరప్‌లో చాలాకాలం బెర్డన్ చెలామణీ అయ్యాడు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మీ అత్తయ్యకు కూడా పూర్తిగా చెప్పలేదు.

38 స్పెషల్ అనే రివాల్వర్ తూటాలు లోడ్ చేస్తున్నాను. అది నల్ల తుపాకిమందు రోజుల్లో పుట్టిన కేసు, లోపల చోటెక్కువ. ఇప్పటి వేగంగా కాలే పౌడర్ అడుగున చిటికెడే కనబడుతుంది. రెండుసార్లు పడినా పొంగి బయటికి రాదు, చూసుకోకపోతే తెలియదు. సగంలో ఫోన్ మోగింది. పది నిమిషాలు మాట్లాడాను. వచ్చి కూర్చుని, చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కణ్ణించే ప్రెస్ (తూటాలు బిగించే యంత్రం) లివర్ లాగాను, లేదా అలా అనుకున్నాను.

తర్వాత వారం రేంజిలో మూడు బాగా పేలాయి. నాలుగోది "టప్" అంది. సీసా మూత తీసినట్టు. చెయ్యి వెనక్కి తన్నలేదు. నిజం చెప్పాలంటే నా వేలు అప్పటికే అయిదోదానికి బిగుసుకుంటోంది. లయ అలాంటిది, ఆగదు. పక్క లేన్‌లో ఉన్న పెద్దమనిషి "ఆపు" అని అరిచాడు. ఖాళీ చేసి, ఇత్తడి కడ్డీ గొట్టంలో పెడితే సగంలోనే ఆగింది. బుల్లెట్ అక్కడ కూర్చుని ఉంది. పౌడర్ పడని కేసు అది, ప్రైమర్ బలానికే బుల్లెట్ అంతదూరం పోయింది. అయిదోది పేలి ఉంటే ఆ గొట్టం నా ముఖం ముందు చీలేదేమో.

ఇంటికొచ్చాక అసలు భయం మొదలైంది. ఒకదాంట్లో పౌడర్ పడలేదంటే, ఇంకోదాంట్లో రెండుసార్లు పడిందేమో? తూకం వేసి తేలుద్దామనుకున్నాను. తేలలేదు. ఇంత చిన్న లోడులో పౌడర్ తేడా కంటే కేసుల బరువు తేడా, బుల్లెట్ల బరువు తేడానే ఎక్కువ. ఆ బ్యాచ్ అంతా విప్పాను. అరపూట పట్టింది, మణికట్టు పీకింది. డబుల్ ఒక్కటీ దొరకలేదు. అయినా ఆ అరపూట దండగ అని నాకు ఇప్పటికీ అనిపించలేదు.

అప్పట్నుంచి నా బల్ల దగ్గర పద్ధతి మారింది. ఫోన్ వేరే గదిలో. పౌడర్ పడని కేసులన్నీ ట్రేలో బోర్లా, పడినవి మాత్రమే నిటారుగా. యాభై నిండాక టార్చి వంచి పట్టుకుని వరస వరసా లోపలికి చూస్తాను. యాభై బావుల్లో నీటిమట్టం చూసినట్టే, ఎక్కడ పైకున్నా, కిందకున్నా కన్ను ఆగుతుంది. అది చూశాకే బుల్లెట్ పెడతాను. ఎవరైనా పిలిస్తే, ప్రెస్‌లో ఉన్న కేసు తీసి ఖాళీ చేసి, బోర్లించి లేస్తాను. పౌడర్ ఎంచుకునేటప్పుడు కూడా, రెండుసార్లు పడితే కేసు పొంగిపొర్లేంత లావు పౌడర్ పుస్తకంలో ఉంటే అదే తీసుకుంటాను. నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే.

బల్ల మీద ఒకేసారి ఒకే పౌడర్ డబ్బా. పని అయ్యాక పౌడర్ పోసే హాపర్ ఖాళీ చెయ్. "రేపు గుర్తుంటుందిలే" అనుకుంటావు, గుర్తుండదు. ఏ పౌడరో సందేహం వస్తే వాసన చూసి, రంగు చూసి తేల్చుకోకు, మొక్కలకే. డబ్బా తెరవగానే ఘాటైన పులుపు వాసన వచ్చినా, మూత దగ్గర ఎర్రటి పొడి కనబడినా, ఆ పౌడర్ చెడిపోయింది.

డైలో కేసు ఇరుక్కున్న సంగతి: లూబ్రికెంట్ తక్కువైంది. ఇంకా గట్టిగా లాగకు, అంచు తెగి కేసు లోపలే ఉండిపోతుంది. అడుగున రంధ్రం చేసి, మర తిప్పి, బోల్టుతో లాగే కిట్ దొరుకుతుంది, తెచ్చుకో. అందరికీ ఒకసారి అవసరపడుతుంది. భుజం మీద సొట్టలు పడుతున్నాయన్నావే, అవి దీనికి తిరగబడ్డ రోగం, లూబ్రికెంట్ ఎక్కువై వచ్చినవి. చిన్నవైతే కాల్చినప్పుడు వాటంతటవే పోతాయి.

తూకం సున్నా దగ్గర నిలవట్లేదంటే ముందు ఫ్యాన్ ఆపి చూడు. ఎలక్ట్రానిక్ స్కేల్ అయితే ఆన్ చేసి కాసేపు వేడెక్కనివ్వు. పని మొదలయ్యే ముందు, మధ్యలో, చివర చెక్ వెయిట్ (బరువు ముందే తెలిసిన రాయి) పెట్టు. 7000 గ్రెయిన్లు కలిస్తే ఒక పౌను, అలాంటి ఒక్క గ్రెయిన్‌లో పదో వంతు తేడా కోసం మనం కొట్టుకుంటున్నాం. గాలి విసురు చాలు అది మారడానికి.

పాలిష్ మాటొచ్చింది కాబట్టి, అమ్మోనియా ఉన్న ఇత్తడి పాలిష్ కేసులకు వాడొద్దు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన దేశంలోనే జరిగిందిది. వానాకాలం తూటాలు గుర్రపుశాలల్లో దాచేవాళ్ళు. తీసి చూస్తే కేసులు పగిలి ఉండేవి. ఎందుకో చాలా ఏళ్ళు తెలియలేదు. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, గాలిలో తేమ, ఇత్తడి లోపల దాగిన బిగువు కలిసి పగలగొట్టాయని 1921లో తేల్చారు. ఇంగ్లిష్‌లో దానికి సీజన్ క్రాకింగ్ అనే పేరుండిపోయింది.

కేసులు తోమే ఆ టంబ్లర్‌ని వంటింటి పక్కనుంచి తీసెయ్. కాలిన ప్రైమర్‌లో సీసం ఉంటుంది, ఆ దుమ్ములో అదే ఉంటుంది. బయట నడుపు, మీడియా (దాంట్లో వేసే తోముడు పొడి) వేరుచేసేటప్పుడు మాస్క్ పెట్టుకో, బల్ల దగ్గర టీ తాగకు. పాపను ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, చొక్కా మార్చుకో. ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష నేను చేయించుకుంటున్నాను, నువ్వూ చేయించుకో.

కొక్కెం చేసి ఆ కేసుల్లో లాగి చూశాక ఎన్నింట్లో ఆగిందో రాయి. కొత్త బుల్లెట్ డబ్బా మీది పేరు, బరువు, పౌడర్ పేరు కూడా రాయి. నా దగ్గరున్న లోడింగ్ పుస్తకంలో ఆ పేజీ ఉందేమో చూసి పంపిస్తాను. అందాకా ప్రెస్ ముట్టుకోకు.

నీ మేనమామ